ఎండిపోయిందన్న చెట్టు

చిరంజీవి కోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇంట్లో ఉన్న ఇద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఇద్దరి మధ్య మాత్రం శనివారం నుంచి మాటల్లేవు. ఆ సంగతికి తర్వాత వస్తాను. నువ్వు క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. నది మీద గాలి ఎక్కువని రాశావు. వంతెన మీదికి వెళ్లేటప్పుడు చెవులు కప్పుకో. ఇంజనీరు చెవులైనా చలికి ఒకటే.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు లేదు. డాక్టరు ఇంక ఊళ్లు పట్టుకుని తిరగడం మానేసి ఇంట్లో కూర్చోమన్నాడు. డాక్టర్ని మార్చాను. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం మానేసి అరుస్తోంది. నీ అలమరలో కలరా ఉండలు వేశాను. నీ నీలం స్వెట్టరు మీ ఆయన వేసుకుని సాగదీశాడు, అది ఇక నీకు పనికిరాదు.

ఇక చెట్టు.

‘ఎండాకాలంలోనే ఆకంతా మాడిపోయిందట, కొట్టించక తప్పదని మీ అబ్బాయి రాశారు. మీరొకసారి చూసి రాయండి అత్తయ్యా. మీరు ఎండిందంటే ఎండినట్టే’ అన్నావు. చూశాను. నీ రెడ్‌వుడ్ చెట్టు ఎండలేదు. ఎండాకాలంలో ఆకు మాడిందన్నది అబద్ధం. ఆ నెలల్లో నేను సాయంత్రాలు దాని కిందే కుర్చీ వేసుకుని పత్రికకు వార్తలు దిద్దుకున్నాను. మండుటెండల్లో రోజు విడిచి రోజు దాని మొదలు దగ్గర నీళ్ల గొట్టం పెట్టాను. ఆకు మాడితే నాకే ముందు తెలిసేది.

జరిగిందల్లా ఏటా జరిగేదే. చలి మొదలయ్యాక ఆకు ఇటుక రంగుకు తిరిగింది, రాలింది, చెట్టు బోడిగా నిలబడింది. నువ్వు మొక్క నాటిన మొదటి చలికాలంలో అలా ఆకు రాలితే అది చచ్చిందని మేమంతా నిన్ను ఓదార్చాం. నువ్వు నవ్వావు. సూదుల్లాంటి ఆకులున్న చెట్లన్నీ ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలని లేదు, ఇది ఆకు రాల్చే రకం, చలి తగ్గాక చూడండి అన్నావు. చలి తగ్గాక ముందుగా చిగురు చూసి గంతులేసిందీ, నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించిందీ మీ ఆయనే. కాబట్టి వాడు తెలియక రాశాడని నేను రాయలేను. వాడికి తెలుసు. నా ఒళ్లు మండేది అక్కడే.

అయినా నా జ్ఞాపకాన్ని మాత్రమే నమ్ముకోకుండా పరీక్ష చేశాను. అందిన కొమ్మ మీద బెరడు గోటితో గీకాను. కింద పచ్చగా, తడిగా ఉంది. రెమ్మ వంచాను. వంగింది, విరగలేదు. మొగ్గలు జంటలు జంటలుగా ఉన్నాయి.

మరి వాడు అలా ఎందుకు రాశాడు? నీ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అడిగాను.

“చెట్టు ఎండిందని కోడలికి రాశావట?”

“ఎండిందిగా.”

“ఆకు లేకపోతే ఎండినట్టేనా? నీ నెత్తి మీదా ఏమీ లేదు. నిన్నూ కొట్టించాలా?”

వాడి చెయ్యి తల మీదికి వెళ్లింది. “అమ్మా, పొద్దున్నే ఇంటర్వ్యూలు మొదలెట్టకు.”

“కొట్టమని ఎవరడిగారు?”

“పక్కింటాయన. ఆయన గాజు గది మీద నీడ పడుతోందట.”

“అడిగితే?”

“అడిగితే ఏంటమ్మా! ఆయన మా ఆఫీసులో నా పైవాడు. ఈసారి సెక్షను హెడ్డుగా ఎవరిని వెయ్యాలో చెప్పేది ఆయనే. కాదని ఎలా అంటాను?”

“ఆ ముక్కే నీ పెళ్లానికి రాయలేకపోయావా?”

“రాస్తే ఒప్పుకోదు.”

“అందుకని చంపేసి, అదే చచ్చిందని చెబుతావు.”

“చెట్టే కదమ్మా! ఖూనీ కేసులా మాట్లాడతావేంటి?”

ఆ గాజు గది నువ్వు వెళ్లాక కట్టారు. మన తోట గోడకు ఆనుకుని ఉంటుంది. పక్కింటాయన చలికాలం ఎండ కాచుకోవడానికి కట్టించుకున్నాడు. చలికాలంలో మన చెట్టుకు ఆకే ఉండదు, ఎండ నేరుగా ఆయన ఒళ్లో పడుతుంది. ఎండాకాలంలో ఆ గది పెనంలా కాలుతుంది, అప్పుడు మన చెట్టు ఒంటినిండా ఆకులతో దానికి అడ్డం నిలబడుతుంది. ఆయన కోరి నాటించుకున్నా ఇంతకంటే పనికొచ్చే చెట్టు దొరకదు. ఈ మాట వాడికి చెప్పాను. “నిజమే కానీ ఆయనకి నేను చెప్పలేను” అన్నాడు.

నేను చెబుతానన్నాను. కంగారుపడి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “నువ్వు ఆయన జోలికి వెళ్లకు. ఒక్క సాయం చెయ్యి చాలు. ఎండిందని నువ్వు కూడా రాసెయ్యి. నీ మాటైతే తను నమ్ముతుంది.”

అమ్మాయీ, ఇన్నేళ్ల ఉద్యోగంలో నా చేత అబద్ధం రాయించాలని చూసినవాళ్లు చాలామంది తగిలారు. వాళ్లెవరినీ నేను అన్నం పెట్టి పెంచలేదు. నువ్వు నా మాట మీద పెట్టుకున్న నమ్మకాన్ని, నిన్ను మోసం చేయడానికి అరువివ్వమన్నాడు నా కొడుకు. కాఫీ వాడి గ్లాసులో సగం ఉండగానే తీసేశాను. నీ జవాబు వచ్చేదాకా చెట్టు ముట్టుకోనని మాటిచ్చాకే మళ్లీ పోశాను.

శనివారం పొద్దున నేను ముందు గదిలో మా పత్రికవాళ్లతో ఫోన్లో ఉండగా వెనక రంపం మోత వినిపించింది. వెళ్లి చూస్తే ఒకడు చెట్టు మీద, ఒకడు కింద తాడు పట్టుకుని.

“దిగు” అన్నాను.

“సారు కొట్టమన్నారండీ.”

“నాటింది సారు కాదు. దిగు.”

“ఎండిపోయిన చెట్టేగా మేడమ్, మీకెందుకంత బాధ?”

“నువ్వు కాలు పెట్టిన కొమ్మ ఎండిందైతే ఈపాటికి నా పక్కనుండేవాడివి.”

వాడు కొమ్మ వైపు ఒకసారి చూసుకున్నాడు. ఈలోగా మీ ఆయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. గోడ అవతల పక్కింటి పెద్దాయన కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే చేశాను. బెరడు గీకి చూపించి, “ఇదేం రంగు?” అన్నాను.

“అమ్మా, ఆయన చూస్తున్నారు.”

“చూడనీ. రంగు చెప్పు.”

“లోపలికి పద, మాట్లాడుకుందాం.”

“రంగు.”

“పచ్చ” అన్నాడు, నాకు కూడా సరిగా వినపడకుండా.

అప్పుడు గోడ అవతలి నుంచి పెద్దాయన అందుకున్నాడు. “ఎండిపోయింది, పడిపోతుందేమో అన్నారు కదండీ మీరు? నేనైతే కొట్టమనలేదు సుమా.”

నేను ఆయన్ని నమ్మలేదు. గొడవ మొదలయ్యాక ‘నేననలేదు’ అనే పెద్దమనుషుల్ని చూసి చూసి ఉన్నాను. అయినా రెండు మాటలూ నీకు రాస్తున్నాను. ఆయన అడిగాడని వీడంటాడు. అడగలేదని ఆయనంటాడు. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. రంపంవాళ్లను పంపించేశాను. పై అధికారి ముందు పరువు తీశానని ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడడం లేదు. ఉప్పు కావాలంటే గోడకు చెబుతున్నాడు. గోడ అందించనందుకు చప్పటి కూరే తింటున్నాడు.

ఇంతదాకా రాస్తూ ఒక మాట దాటేస్తూ వచ్చాను. నేను వెనక్కి వెళ్లేసరికే చెట్టు కొన తెగింది. మనిషి నిలువంత ముక్క గడ్డిలో పడి ఉంది. దూరం నుంచి బాణంలా కనపడుతుందని నువ్వు మురిసిపోయే ఆ కొన ఇప్పుడు లేదు. ఫోను ఒక్క నిమిషం ముందు పెట్టేసి ఉంటే అనుకోవడం వల్ల లాభం లేదు, అయినా అనుకుంటున్నాను.

చెట్టుకు ప్రాణభయం లేదు. వ్యవసాయ కాలేజీలో తెలిసినాయన్ని అడిగి రూఢి చేసుకున్నాను. చలి తగ్గాక తెగినచోట నాలుగైదు చిగుళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేస్తాయట. తిన్నగా ఉన్న ఒకదాన్ని ఉంచి మిగతావి తీసేయాలట. లేకపోతే తల చీపురుకట్టలా తయారవుతుంది. ఫొటోలు పంపిస్తాను, ఏది ఉంచాలో నువ్వే చెప్పు. ఎక్కి తీసేది మాత్రం కూలివాడు కాదు, నీ మొగుడు. ఎత్తంటే కళ్లు తిరుగుతాయంటాడు. తాడు నేను పట్టుకుంటాను.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి మీద రాస్తామో, అచ్చుకు ముందు వాళ్లకు చెప్పి, వాళ్ల జవాబు కూడా రాయాలి. అందుకని ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి వాడి ముందు పెట్టాను. “చదువు. తప్పుంటే చెప్పు. లేకపోతే ఇలాగే పోస్టు చేస్తాను.”

చదివాడు. “బట్టతల సంగతి అవసరమా?” అన్నాడు. శనివారం తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

“అబద్ధమా?”

మళ్లీ చదివాడు. ఇద్దరిలో ఒకరిది అబద్ధం అన్నచోట ఆగిపోయాడు. పక్కింటి గాజు గదిలో దీపం వెలిగింది. వాడు అటు చూడలేదు.

“ఇక్కడ తప్పుందమ్మా.”

“ఏం తప్పు?”

“ఆయన అడగలేదు. గోడ దగ్గర నిలబడి ‘మీ చెట్టు బాగా పెరిగిందండీ’ అన్నాడు. అంతే. నీడ మాట కూడా ఆయన ఎత్తలేదు. నేనే ‘మీకు అడ్డంగా ఉంటే తీయించేస్తాను సార్’ అన్నాను. ఎండిందని తర్వాత ఆయనకీ నేనే చెప్పాను.”

అంతవరకు నాకున్న కోపం వేరు, అప్పుడు వచ్చింది వేరు. భయపడి ఇచ్చాడనుకున్నాను. అడగకుండానే ఇచ్చాడు. అవతలి మనిషి ‘బాగుంద’ని మెచ్చుకున్నదాన్ని నరికి పళ్లెంలో పెట్టబోయాడు. అదీ తనది కానిదాన్ని. పెద్దాయన మీద నేను రాసింది తప్పు కనుక దిద్దుతానని పెన్ను తీశాను. “నువ్వు కాదు, ఇటివ్వు” అన్నాడు. కింది నాలుగు వాక్యాలూ వాడి చేతిరాత. నేను అక్షరం మార్చలేదు.

ఆయన అడగలేదు. నేనే ఇస్తానన్నాను. చెట్టు బతికే ఉందని నాకు ముందునుంచీ తెలుసు. నీకు అబద్ధం రాశాను, అమ్మ చేత కూడా రాయించబోయాను.

దీంతో నా కోపం చల్లారిందనుకోకు. నీదీ చల్లారాలని నేను సిఫార్సు చేయడం లేదు. పెన్ను తిరిగిస్తూ, నీ జవాబు ఎన్నాళ్లకు వస్తుందని అడిగాడు. అది నువ్వు ఏం రాయాలనుకుంటావో దాన్ని బట్టి ఉంటుందన్నాను. ఇంకా ఇక్కడే నిలబడి ఉన్నాడు, కవరు అంటించడానికి.

ఇట్లు,
వాడిని కన్న, నీ వైపున్న,
అత్తయ్య