అడ్డపొగ

జూన్ 10, సోమవారం

బాబూరావు గారు వాళ్ళమ్మను తీసుకొచ్చారు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఆయనకు టైల్స్ షాపు ఉంది. వాళ్ళావిడకు నేను రూట్ కెనాల్ చేశాను, ఆ నమ్మకంతో కార్ఖానాలోని నా క్లినిక్ దాకా వచ్చారు. తల్లి పేరు శేషారత్నం. పై పళ్ళ సెట్టు వదులైందట, బిగించి ఇమ్మన్నారు.

సెట్టు తీసి లైటు వేశాను. అంగిలంతా తెల్లగా, మందంగా, పగుళ్ళు తేలి ఉంది. మధ్యలో ఎర్రటి పుండు. అంచులు వేలికి గట్టిగా తగిలాయి.

ఏం కాలుస్తారు పెద్దమ్మా అని అడిగాను. అడ్డపొగమ్మా అని నవ్వింది. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు వాళ్ళది. అక్కడ కొంతమంది ఆడవాళ్ళు చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. కాలేజీలో స్లైడ్ మీద చూశాను. మనిషిలో చూడటం ఇదే మొదలు.

ఆవిడను బయట మా అసిస్టెంట్ రజిత దగ్గర కూర్చోబెట్టి కొడుక్కి చెప్పాను. చిన్న ముక్క తీసి బయాప్సీ వెంటనే చేయాలి, క్యాన్సర్ కావచ్చు అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆ మాట వింటే మా అమ్మ అన్నం మానేసి పోతుందండీ, ఏమున్నా నాకే చెప్పండి, ఆవిడకు మాత్రం చెప్పొద్దు అన్నారు.

నేను తల ఊపాను. ఎందుకు ఊపాను?

జూన్ 11

అన్నం తింటున్నంతసేపూ నాలుకతో నా అంగిలిని తడుముకుంటూనే ఉన్నాను.

జూన్ 14, శుక్రవారం

ఆయన ఫోన్ ఎత్తట్లేదు. చివరికి షాపు నంబరుకి చేస్తే దొరికారు. ఆషాఢం పోనివ్వండి, శ్రావణంలో చూద్దాం అన్నారు. కత్తి తగిలితే ఆ జబ్బు ముదురుతుందటగా అన్నారు. కాదండీ, ముక్క తీస్తే ముదరదు, ఆలస్యం చేస్తేనే ముదురుతుంది అన్నాను. ఎముకలోకి, మెడలోకి పాకుతుందన్నాను. నా గొంతు లేచిపోయింది. మీరు పళ్ళ డాక్టరు, పళ్ళు చూడండి చాలు అని పెట్టేశారు.

భయపడ్డ మనిషిని ఇంకా భయపెట్టాను. అంతే చేశాను.

జూన్ 18, మంగళవారం, మధ్యాహ్నం

రజిత లోపలికి వచ్చి, మేడమ్, ఆ ముసలమ్మ ఒక్కతే ఆటోల ఒచ్చింది, జెర పరేషాన్‌గ ఉంది అంది.

చెయిర్‌లో కూర్చోనంది. నా ఎదురుగా స్టూల్ మీద కూర్చుంది. నా కొడుకు నా మొకం సూడ్డం మానీసినాడు, నువ్వేటి సెప్పినావమ్మా ఆడికి, అంది.

ఈసారి తొందరపడలేదు. మీకేమనిపిస్తోంది పెద్దమ్మా, ఎంతవరకు తెలుసుకోవాలనుంది అని అడిగాను. అంతా సెప్పు, సగం సెప్తే ఆ మిగతా సగం నానే అల్లుకుంటాను, అంది.

చేతికి అద్దం ఇచ్చి, చిన్న మిర్రర్‌తో అంగిలి చూపించాను. క్యాన్సర్ కావచ్చన్నాను. ఆ మాట గదిలో పడింది. ఆవిడ అద్దం దించలేదు.

సస్తానా అని అడిగింది. తెలీదన్నాను. ఇప్పుడే తీస్తే బతికే అవకాశం బాగా ఉంది, ఆగితే ఆ అవకాశం తగ్గిపోతుంది అన్నాను. సుట్ట వల్లేనా? అవును పెద్దమ్మా.

అద్దం ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత చెప్పింది. ఇసకలో వలలు ఎండేసేటప్పుడు గాలికి చుట్ట ఆరిపోకుండా వాళ్ళమ్మే అలా కాల్చడం నేర్పిందట. మాయమ్మ కూడా ఇలాగే పోయింది, నోరు పుచ్చిపోయి, అంది. దాని పేరేటో ఎవులూ సెప్పనేదు, మేం అమ్మోరు సూపనుకున్నాం.

మీకేం అర్థమైందో ఒకసారి నాకు చెప్పండి అన్నాను. ముక్క తీసి సూత్తావు, అదే అయితే కోసీమంటావు, సుట్ట ఇంక ముట్టనీవు, అంది. ఇయ్యాలే తియ్యి.

తీశాను. ముక్కను సీసాలో వేసి ఆవిడ పేరు రాశాను.

అదే రోజు, సాయంత్రం

బాబూరావు గారు వెయిటింగ్ రూమ్‌లో, పేషెంట్ల ముందే అరిచారు. చెప్పనని తల ఊపారు కదా, మా అమ్మను మీరే చంపుతున్నారు అన్నారు. తల ఊపడం నా తప్పు, కానీ నోరు ఆవిడది, ఆవిడే అడిగారు అన్నాను.

జూన్ 27, గురువారం

రిపోర్ట్ వచ్చింది. క్యాన్సరే. లోతుకు ఇంకా దిగలేదు. ముందు ఆవిడకే చెప్పాను, కొడుకు పక్కనుండగా. ఆవిడ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన గోడ వైపు చూస్తూ ఉండిపోయారు.

జూలై 15

ఆపరేషన్ అయింది. అంగిలిలో ఒక పక్క తీసేశారు. అంచులన్నీ క్లీన్, జబ్బు మిగల్లేదు అని సర్జన్ మెసేజ్ పెట్టారు. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆగస్టు 20, మంగళవారం

కోసిన చోట పెద్దమ్మ అంగిలిలో రంధ్రం. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. మాటంతా ముక్కుతోనే. ‘బ’ పలకబోతే ‘మ’ వస్తోంది. కొడుకును బాబూ అని పిలిస్తే మామూ అని వినపడుతోంది. మనవలు నవ్వారట. అప్పటినుంచి పిలవడమే మానేసిందట. ఇవన్నీ ఆవిడ చెప్తుంటే రజిత అర్థం చేసుకుని నాకు మళ్ళీ చెప్పింది. చుట్ట మానింది, కలలో మాత్రం కాలుస్తోందట.

రంధ్రం మూసే ప్లేట్ కోసం అచ్చు తీశాను. బాబూరావు గారు తీసుకొస్తున్నారు, కానీ కార్లోనే కూర్చుంటున్నారు. అరిచి వెళ్ళిన ఆ సాయంత్రం తర్వాత నాతో మాట లేదు.

సెప్టెంబరు 5

ప్లేట్ సరిపోలేదు. ఒరుసుకుని రక్తం వచ్చింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సెప్టెంబరు 30

కొత్త ప్లేట్ కూర్చుంది. నీళ్ళు లోపలికే పోయాయి.

ఆవిడ లేచి, కొడుకు కారు కనపడే కిటికీ దగ్గరికి వెళ్ళింది. బాబూ అంది. రజిత ఆయన్ని పిలుచుకు రావడానికి పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మళ్ళీ పిలిచింది, గట్టిగా. రోడ్డు మీద ఎవరెవరో తలలు తిప్పారు.

కారు తలుపు తెరుచుకుంది.