ఎవరిదని అడిగిన మనిషికి

గొల్లపల్లి

మన బిడ్డ భాగ్యశ్రీ బాపుకు,

మీ గంగజల ప్రేమతో రాస్తున్నది. సెలవు అయిపోయి మన వాడకట్టు మధు రేపు దుబాయి పోతున్నాడు. అతని చేతికిచ్చే మామిడికాయ తొక్కు డబ్బా కింద ఈ కాగితం పెడుతున్నాను. ఫోన్లో చెప్పలేను. ఇటు మీ అమ్మ వింటుంది, అటు మీ రూమువాళ్ళు వింటారు. మొన్న మీరడిగిన మాట అందరూ విన్నారు కదా.

మన ఇంట్లో ఆడదానికి నెలసరి వస్తే పొయ్యి దగ్గరికి రాకుండా ముందటి వసారాలో చాప వేసుకొని దూరం ఉండాలి. పెళ్ళయినప్పటి నుంచీ ఉంటున్నాను. నా నెలసరి సంగతి వాడకట్టంతటికీ తెలిసేది అందుకే. ఈమధ్య నాలుగు నెలలుగా చాప వేయలేదు. మీరు దుబాయి పోయి ఏడాదిన్నర. మీ అమ్మ లెక్క కట్టింది. "ఏందే, దూరం ఉంటలేవు? కడుపా?" అని బీడీలు చుట్టే ఆడవాళ్ళ ముందే అడిగింది. ఈ వయసుల కడుపేంది అత్తా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. మీరు ఒక్కటే మాట అడిగారు. "ఎవలదే?"

ఒంట్లో ఎట్లున్నదని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. కూర్చున్న చోటే ఛాతీలోంచి మంట లేచి ముఖానికి ఎక్కుతుంది. రవిక తడిసిపోతుంది. నిద్ర లేదు, గుండె దడ. బీడీలకు తునికాకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఏం చేస్తున్నానో మరిచిపోతాను. గిన్నె చప్పుడైనా ఒళ్ళు మండుతుంది. కడుపులో ఏ గడ్డో ఉన్నదని నాకు భయంగా ఉన్నది. రేపు జగిత్యాల పోయి డాక్టరమ్మకు చూపించుకుంటాను. మీ అనుమానం తీర్చడానికి కాదు, నా ప్రాణం కోసం.

ఉంటాను,
మీ గంగజల


గొల్లపల్లి

భాగ్యశ్రీ బాపూ,

ఇన్నేళ్ళూ మీరన్నాను. ఇక నువ్వంటాను, మీరనడానికి మనసొప్పడం లేదు. ఈ ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే పోస్టులో వేస్తున్నాను.

డాక్టరమ్మ పరీక్షలు చేసి కడుపూ కాదు, గడ్డా కాదు అన్నది. "నెలసరి మొత్తం ఆగిపోయే ముందుగాల కొన్నేండ్లు గిట్లనే ఉంటదక్కా. ఒక నెల వస్తది, కొన్ని నెలలు రాదు. మంటలు, చెమటలు, నిద్ర పట్టకపోవుడు, కోపం, అన్నీ దీంట్లయే. మందులున్నయి. రక్తం మస్తు పోతే మాత్రం ఆగకుండ రా" అన్నది. తిరిగొస్తూ ఆటోలో ఏడ్చాను. రోగం కాదన్న సంతోషం కొంత, నీ మీద కోపం మరింత. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా మాట నమ్మనివాళ్ళకు డాక్టరు మాట ఎందుకు వినిపించాలి?

మొన్న పొద్దున నెలసరి వచ్చింది. నా చీర మీద మరక మీ అమ్మ చూసింది. ఎంత సంబరమో ఆమెకు. "ఇజ్జత్ నిలవడ్డది బిడ్డా" అని తనే చాప తెచ్చి పరిచి నీకు ఫోన్ చేసింది. నువ్వు నవ్వావు. కమ్మలు తెస్తానన్నావు. అప్పుడు నాలో లేచిన మంట డాక్టరమ్మ చెప్పిన మంట కాదు. చాప తీసి అవతల పడేశాను. పొయ్యి వెలిగించి అన్నం, పప్పు వండాను.

ముట్టనన్నది మీ అమ్మ. పొద్దుగూకేదాకా ఆగి, ఆకలికి ఓర్చుకోలేక కంచం తెచ్చుకున్నది. తింటూ తింటూ అన్నది. "నాకు సుత గిట్లనే మంటలు లేస్తుండె. గాలి సోకిందని మీ మామ మంత్రగాని దగ్గరికి తోల్కపోయి యాపమండలతోని కొట్టిచ్చిండు."

"మరి తెలిసి నన్నెందుకు గట్లంటివి అత్తా?"

"ఇన్నేండ్లు గాలే అనుకున్ననే బిడ్డా."

ఆమె మీద కోపం సగం అక్కడే పోయింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

నీ మీద కోపం పోలేదు. వచ్చే నెల వస్తానంటున్నావు. రా. కమ్మలు తేకు. నీ మంచం మీ అమ్మ గదిలో వేయిస్తాను. నేను ఫ్యాను కింద ఒక్కదాన్నే పడుకుంటాను. ఇది డాక్టరమ్మ చెప్పింది కాదు. నేను చెప్తున్నాను.

గంగజల