దొర కారుకు పట్టని చక్రాలు

అన్నం, పప్పు పొయ్యి కాడ మూసి పెట్టిన. వికారాబాద్ నుంచి వచ్చిన చక్రాలు దొర రేసు కారుకు బిగించకు. బోల్టు తూట్లు అయిదూ కలిసినయి గని చక్రాలే వెడల్పు. పక్కింటి మొగులమ్మను సాయం పిలిచి, జాకీ పెట్టి ముందు దిక్కు ఒకటి ఎక్కించిన. లోపల కూసొని స్టీరింగు తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటున్నది. గట్లనే నడిపితే టైరు పేలి నీ పానం మీదికి వస్తది.

నాకెట్ల తెలుసంటవా? పెండ్లయిన మూడేండ్ల సంది నీ కార్ల రిపేరు పని చూసుకుంట వాకిట్ల కూసుంటున్న. నువ్వే తలెత్తి చూడలే. మొగులమ్మ పోయినంక పక్క సీటు దిక్కు తిరిగి, నువ్వున్నట్టే జరసేపు ముచ్చట పెట్టిన.

ధారూర్‌ల అక్క దగ్గరికి పోతున్న.

సుమిత్ర

కారు తయారయ్యేదాంక ఆగకు. రైలుకే వచ్చి నన్ను తోలుకపో.