సోమ్లి పురుగుల షెడ్డు తాళం తీయించుట గురించి

మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
లచ్చన్నగూడెం గ్రామ నివాసి, కీర్తిశేషులు చెంచురామయ్య గారి భార్య సుబ్బరత్నం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామ శివారు తండాలో శ్రీమతి సోమ్లి నడుపుతున్న ఎండు పురుగుల దాణా షెడ్డుకు, నా మనవరాలు దీపిక మరణాన్ని కారణంగా చూపి వేసిన తాళం తీయించుట, ఫిర్యాదులోని "పాప పురుగులు తిన్నది" అను వాక్యాన్ని కొట్టివేయించుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, దీపిక నా కొడుకు వెంకటకృష్ణ కూతురు. అయిదో తరగతి చదివేది. గత నెలలో పోయింది. షెడ్డు మీద ఫిర్యాదు ఇచ్చినది నా కొడుకు. దానికి విరుద్ధంగా ఈ అర్జీ ఇస్తున్నది నేను. ఒకే ఇంటి నుంచి ఇలా రెండు కాగితాలు రావడం తమకు వింతగా ఉండవచ్చు. నేను లెక్కల్లో డిగ్రీ చదివినదాన్ని. ఇంటి లెక్క, పొలం లెక్క పెళ్లయినప్పటి నుంచి నేనే రాస్తున్నాను. తప్పు పడిందని తెలిసిన లెక్కను అలాగే వదిలి తర్వాతి పేజీ తిప్పడం నాకు చేతకాదు.

1. ముందుగా ఆ షెడ్డులో జరిగే పని ఏమిటో తమకు తెలియాలి. తాళం వేసినవారు లోపలికి వెళ్లలేదు. ముక్కుకు రుమాలు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. సోమ్లి రోజూ పాల్వంచ కూరగాయల మార్కెట్‌లో పారేసే టమాటాలు, క్యాబేజీ ఆకులు డ్రమ్ములకెత్తి తన ట్రాలీ ఆటోలో తెస్తుంది. నల్ల ఈగ అని ఒకటుంది; దాని పిల్లపురుగులకు అదే మేత. ఇది మన అన్నం మీద వాలే ఈగ కాదు. రెక్కలొచ్చాక దీనికి తిండి తినే నోరే ఉండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. పురుగు బాగా బలిశాక జల్లెడ పట్టి, మరిగే నీళ్లలో ముంచి తీసి, మిరపకాయలు ఆరబోసినట్టే కల్లంలో పట్టాల మీద ఎండబోస్తారు. గలగలమనేదాకా ఎండాక పొడి కొట్టి, మొక్కజొన్న నూకలో కలిపి నాటుకోళ్లకు, చేపల చెరువులకు అమ్ముతారు. వాసన లేదని నేను అనను. ఉంది. గాలి మా వైపు తిరిగితే కిటికీలు మూయించేదాన్ని. సోమ్లి ఎదురైతే ముఖం మీదే అడిగేదాన్ని, ఆ షెడ్డు ఇంకాస్త అవతల పెట్టుకోకూడదా అని. ఆమె నవ్వి, "మీ మిరపకల్లం ఘాటుకు మా తండ మొత్తం తుమ్ముతది పెద్దమ్మా, మేమేమన్న అన్నమా?" అనేది.

2. "తిన్నది" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపెదను. దీపిక కోడిపిల్లల్ని పెంచుకునేది. వాటి కోసం సోమ్లి దగ్గర గుప్పెడు ఎండు పురుగులు అడిగి తెచ్చుకునేది. పురుగు మా గడప దాటరాదని నా ఆంక్ష. అందుకని గౌను జేబులో దాచేది. ఒకరోజు పట్టుకున్నాను.

"ఏంటే ఆ జేబులో?"

"పురుగులు కాదు నానమ్మా, కోళ్ల జీడిపప్పు."

"జీడిపప్పయితే నువ్వే తిను."

"ముందు నువ్వు తిను. ఎట్టా ఉందో చెప్తే అప్పుడు నేను తింటా."

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ పైకి కనబడనివ్వలేదు. ఫిర్యాదులోని వాక్యానికి ఇంతకు మించిన ఆధారం ఏదీ లేదు. ఆసుపత్రిలో పాపను స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు ఆ జేబులోంచి ఎండు పురుగులు నేలమీద పడ్డాయి. నా కొడుకు చూశాడు. పాప ఏం తిన్నదని అక్కడెవరో అడిగారు. ఇంట్లో మేమందరం నవ్వుకున్న మాట అతని నోట సాక్ష్యమై వచ్చింది. పాప వాటిని తినలేదు. తన కోడిపిల్లల కోసం తెచ్చినది తాను ముట్టే పిల్ల కాదు.

3. ఆ రోజు ఇంకా తెల్లవారకముందే పాప కడుపునొప్పి అంటూ లేచింది. వాంతి చేసుకుంది. కోడలు వాము నీళ్లు పట్టింది. రెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తు అనుకున్నాం. మాట ముద్దముద్దగా రాసాగేసరికి భయం పట్టుకుంది. మా కారు రిపేరుకు ఇచ్చి ఉంది. 108 బండి మరో కేసు మీద దూరం వెళ్లిందన్నారు. నా కొడుకు స్నేహితునికి ఫోన్ చేసి కారు తెమ్మన్నాడు. సోమ్లి ఖాళీ డ్రమ్ములతో మార్కెట్‌కు పోతూ మా ఇంట్లో ఏడుపు విని ఆటో ఆపింది.

"ఏమైంది కిష్టన్నా? ఎక్కియ్యి బిడ్డను, జల్దీ ఎక్కియ్యి."

"కారొస్తంది."

"వచ్చేదాంక ఏంది ఆగుడు? నా బండి ఉన్నది గదా ఈడ."

"ఆ పురుగుల బండిలో నా కూతుర్ని ఎక్కించమంటావా?"

ఆమె ఆటో దిగింది. డ్రమ్ములు దించి మా వాకిట్లో పెట్టింది. మా కుళాయి నీళ్లతోనే ట్రాలీ కడిగింది. చలికి తాను కప్పుకొచ్చిన దుప్పటి దాంట్లో పరిచింది. "ఇగో కిష్టన్నా, కడిగిన. ఇప్పుడన్న ఎక్కియ్యి" అంది. నా కొడుకు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలుసు. ఆ అంకె ఇక్కడ రాయను. ఆఖరుకు నేనే పాపను ఎత్తుకుని పోయి ఆ దుప్పటి మీద కూర్చున్నాను. నా వెనకే కొడుకూ కోడలూ ఎక్కారు.

4. దారిలో పాపను నిద్రపోనివ్వకూడదనుకున్నాను. కథలు చెప్పడం నాకు రాదు. పదమూడో ఎక్కం చెప్పమన్నాను. ఆ ఎక్కం దగ్గరే ఆమె ఎప్పుడూ తడబడేది, నా చేత చీవాట్లు తినేది. ముందు నుంచి సోమ్లి, రోడ్డు మీద కళ్లు తిప్పకుండానే అరుస్తోంది: "గట్టిగ చెప్పు దీపికమ్మా, నాగ్గూడ వినబడాలె!" పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దాకా చెప్పింది. ఒక్క తప్పూ లేదు. ఆ తర్వాత, "నానమ్మా, కళ్లు తెరుచుకోవట్లా" అంది. ఈ అంశం షెడ్డుకు సంబంధించినది కాదని నాకు తెలుసు. తీసివేసి మళ్లీ రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. చేతకాలేదు. మన్నించగలరు.

5. డాక్టరమ్మ ఆ రెప్పలు చూడగానే పాము కాటు అన్నది. కట్లపాము కరిస్తే గాటు కనబడకపోవచ్చునని, నిద్రలో ఉన్నవాళ్లకు నొప్పి కూడా తెలియకపోవచ్చునని, ఒక్కోసారి కడుపునొప్పితోనే మొదలవుతుందని చెప్పింది. మందు ఎక్కించారు. గొట్టం వేశారు. ఊపిరి నిలవలేదు. ఈ మాటలు విన్నది నేనూ, నా కోడలూ. పాప పోయిందనగానే నా కొడుకు లేచి బయటికి వెళ్లిపోయాడు, ఇంకేమీ వినలేదు. సాయంత్రానికి ఫిర్యాదు తమ ఆఫీసులో ఉంది. మర్నాడే షెడ్డుకు తాళం పడింది.

ఆ తర్వాత, పాప పడుకునే గది ఖాళీ చేస్తుంటే, ధాన్యం బస్తాల సందులో కట్లపాము దొరికింది. నా కొడుకే చంపాడు. పెరట్లో పాతిపెట్టి వచ్చి, "ఈ సంగతి బయట అనకండి" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. పురుగుల వల్ల పోయిందంటే తప్పు సోమ్లిది. పాము వల్ల పోయిందంటే, మేము వాకిట్లో నిలబడ్డ సేపు లెక్కలోకి వస్తుంది. అతణ్ని దోషిని చేయమని నేను కోరడం లేదు. అతను సరిగా అన్నం తినడం లేదు. రాత్రిళ్లు లేచి బస్తాలు జరిపి చూస్తున్నాడు. కానీ అయ్యా, నా కొడుకు దుఃఖం మోయడానికి సోమ్లి షెడ్డు ఆసరా కాకూడదు.

6. మొన్న ఆ దుప్పటి ఉతికి, మడిచి, తండాకు పట్టుకెళ్లాను. సోమ్లి తాళం వేసిన తలుపు దగ్గరే కూర్చుని ఉంది. దుప్పటి అందుకుని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అంది: "పురుగు మేస్తుంటే లోపల వాన పడ్డట్టే సప్పుడు వచ్చేది పెద్దమ్మా. ఇప్పుడు తలుపుకు చెవి పెట్టి విన్నా ఏం లేదు." ఆమె భర్త మోతీలాల్ అటుగా పోతూ, "ఎక్కించుకో, ఇంక ఎక్కించుకో పెద్దోళ్ల పిల్లలను! ఈసారి మన ఇంటికి గూడ తాళమేస్తరు" అన్నాడు. అది నాకు వినబడాలనే అన్నాడు. వినబడింది. జరిగింది ఇదని ఎవరికీ ఎందుకు చెప్పలేదని సోమ్లిని అడిగాను. "బిడ్డ పోయిన ఇంటితోని ఏం కొట్లాడాలె పెద్దమ్మా?" అంది.

7. పంచాయతీ కార్యదర్శి గారిని కలిశాను. ఆయన పశువుల డాక్టరును అడగమన్నారు. డాక్టరు గారు ఇవి పశువులు కావన్నారు. వ్యవసాయ అధికారి గారు ఇది పంట కాదన్నారు. మళ్లీ కార్యదర్శి గారి దగ్గరికే వచ్చాను. "తాళం ఎయ్యనీకి ఒక్క కాగితం సరిపోయింది అమ్మా. తియ్యనీకి ఎవరి కాగితం కావాల్నో నాకే తెలుస్తలేదు" అన్నారు. ఆయన మంచివారు. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చారు. తాళం పడ్డ షెడ్డు లోపల గుడ్లు పెట్టే ఈగల గూడు కూడా ఉంది. ఆ విత్తనం చచ్చిపోతే సోమ్లి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

8. పోయిన వారం మా ఊళ్లో కూలికి వచ్చే ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. తండాలో ఆటో ఉన్న రూప్లాను పిలిచారు. "ఆమెకేమన్న అయితే నా బండికి తాళమేస్తరు, నేను రాను" అన్నాడు. ట్రాక్టరు తెప్పించేసరికి చాలా ఆలస్యమైంది. తల్లీ బిడ్డా బతికారు. ఈ తాళం ఉన్నంతకాలం మా చుట్టుపక్కల ఎవరూ పరాయి పిల్లను తమ బండిలోకి ఎక్కించుకోరు. దీపిక పేరు మీద ఇలాంటిది నడవడానికి నేను ఒప్పుకోను.

కాబట్టి తాము దయచేసి, ఫిర్యాదులోని ఆ వాక్యాన్ని నా సాక్ష్యం మీద కొట్టివేయించి, డాక్టరమ్మను విచారించి కారణం పాము కాటని నమోదు చేయించవలెను. షెడ్డు పరిశుభ్రతపై నిబంధనలు ఏవైనా ఉంటే సోమ్లికి చెప్పించండి, పాటిస్తుంది. వాసన గురించి ఇకమీదట నేను ఎవరికీ చెప్పుకోను. నేను రాసినదంతా చిత్తగించి, ముందు ఆ తాళం తీయించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సుబ్బరత్నం
(వ్రేలిముద్ర కాదు, నా చేవ్రాలే)

తా.క.: ఇది తమ ఆఫీసు వరండాలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున బస్సుకు బయలుదేరుతుంటే నా కొడుకు ఎక్కడికని అడిగాడు. కాగితం చేతికిచ్చాను. అరుగు మీద కూర్చుని మొత్తం చదివాడు. మడిచి తిరిగిచ్చాడు. బండి బయటికి తీసి, "ఎక్కమ్మా" అన్నాడు. ఇప్పుడు మీ గేటు దగ్గర బండి మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం పెరిగిన మనిషి. దయచేసి లోపలికి పిలిచి విచారించకండి. నన్నడగండి, ఎంతసేపైనా చెబుతాను. తాళంచెవి ఇప్పించేటట్లయితే మాత్రం నా చేతికి వద్దు. బయటికి పంపించి, ఏమీ అడగకుండా వాడి చేతిలో పెట్టించండి. సోమ్లి ఇంటికి దారి వాడికి తెలుసు.