లక్ష్మమ్మ కార్డు నంబరు

బుధవారం

ఈ రోజు మళ్లీ సూర్యాపేట లైబ్రరీకి వెళ్లాను. లక్ష్మమ్మ పోయి ఏడాది దాటింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె తెచ్చుకున్న పుస్తకం ఒక్కటీ నేను ముట్టలేదు. ఇప్పుడు పుస్తకం వెనక అంటించిన చీటీలో ఆమె కార్డు నంబరు కనపడితే చాలు, తెచ్చుకుని అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. ఇప్పటికి ఒక హత్య కథ, కోళ్ల పెంపకం, హిమాలయ యాత్ర దొరికాయి. మాకు కోళ్లే లేవు. ఆమె కోదాడ దాటి ఎరగదు.

ఈ రోజు నక్షత్రాల పుస్తకం దొరికింది.

"గిది నీకు సమజ్ గాదు తాతా. పిల్లల కథలియ్యనా?" అంది లైబ్రరీ అమ్మాయి.

"నేనేమన్న పిల్లగాన్నా? రాస్కో," అన్నాను.

ఇంటికొచ్చి తెరిస్తే నడుమ ఒక పేజీ మూల మడిచి ఉంది. దవాఖానకు పోయే ముందు ఆమె చదువుతున్నది ఇదే. "జర ఇను, సదివి ఇనిపిస్త," అంది ఆ రోజు. "నిద్రొస్తంది, ఊకో," అన్నాను.

మడత దాకా మనసులోనే చదువుతాను. ఆ తర్వాతి పేజీలు మాత్రం బయటికి చదవాలి. ఆమె చదవనివి అవే. తప్పులు దొర్లుతాయి. వింటే నవ్వేది.

నవ్వనీ.