లోపలి మూత

సిస్టర్ గారూ,

ఈ ఉత్తరం తెచ్చినావిడ మా అమ్మ. పోయిన వారం "మీరిచ్చేది ఇన్సులిన్ కాదు, నీళ్లు" అని మీమీద అరిచింది నేనే. ఎలా పొడవాలో మీరు చూపిస్తానంటే, "లేత్ మిషన్ నడిపేవాణ్ణి, నాకు నేర్పుతారా?" అన్నాను.

ఇన్సులిన్ పెన్ను సూదికి పైమూత తీశాక లోపల ఇంకో చిన్న మూత ఉంటుందని నిన్ననే చూశాను. రెండు నెలలుగా అది తియ్యకుండానే పొడిచాను. "నొప్పే లేదురా" అని అమ్మ అంటే నా చెయ్యి గొప్పదనుకున్నాను. షుగర్ దిగకపోతే దొంగతిండి తింటున్నావని ఆమెనే తిట్టాను. తప్పు తనదేననుకుని కంచంలో సగం వదిలేస్తోంది.

డాక్టరు గారు పెంచుతూ పోయిన డోసంతా ఇప్పుడు నిజంగా ఎక్కితే ప్రమాదమని, ఈ పూట ఇవ్వకుండా పంపుతున్నాను. ఎంతివ్వాలో రాయండి.

అమ్మకు చదువు రాదు. ఆమె ముందు నాకు నోరు పెగల్లేదు. మీరే ఇది చదివి వినిపించండి. నన్ను తిడితే ఆపకండి. తిట్టదేమోననే నా భయం.

ఆమె కొడుకు