మసాచుసెట్స్ అవెన్యూలో హాజరు

జనవరి 19, ఆదివారం

ఈ రోజు మాట: ధ్రువీకరణ. పైకి అంటుంటే ఇనప్పెట్టె మూత వేసినట్టుంటుంది. అమ్మమ్మ అయితే దీనితో మూడు వాక్యాలు రాయించేది. అమ్మమ్మ పక్క గదిలోనే ఉంది. అయినా లేని మనిషిలా 'రాయించేది' అని రాస్తున్నాను.

అమ్మమ్మ పేరు కొల్లూరి లీలావతి. గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పింది. మూడేళ్ళుగా అమెరికాలో, నార్త్ కరోలైనాలోని క్యారీలో మాతోనే ఉంటోంది. నేను పదో ఏట ఇక్కడికి వచ్చాను. నా తెలుగు కూడా ఆ పదో ఏటి దగ్గరే ఆగిపోయింది. ఆవిడ వచ్చాకే మళ్ళీ కదిలింది.

రోజూ సాయంత్రం ఆరున్నరకి కిచెన్ టేబుల్ దగ్గర నోట్‌బుక్ తెరిచి హాజరు వేసేది. క్లాసులో ఉన్నది నేనొక్కదాన్నే. అయినా కళ్ళజోడు మీద నుంచి చూస్తూ భవితా అని పిలిచేది. ప్రెజెంట్ టీచర్ అనాలి. ప్రెజెంట్ అమ్మమ్మా అంటే ఒప్పుకునేది కాదు. క్లాసులో నీకు అమ్మమ్మ ఎవరే అనేది.

నవంబర్ 22న స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పోయింది, ముఖంలో కుడివైపు జారింది, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది నోటిదాకా రాదు. చేతిదాకా కూడా రాదు.

జనవరి 25, శనివారం

ఇది ఏటా జరిగే తంతు. పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నారని ఫిబ్రవరి ఆఖరులోగా చూపించాలి. దాన్ని లైఫ్ సర్టిఫికెట్ అంటారు, తెలుగులో జీవన ధ్రువీకరణ పత్రం. కిందటేడు, అంతకు ముందేడు నాన్న ఫోన్‌లో యాప్ తెరిచి అమ్మమ్మ ముఖం ముందు పెట్టాడు. కళ్ళు ఆర్పమంది, ఆర్పింది, అయిపోయింది. అల్లుడుగారూ, నేనింకా ఉన్నానని సర్కారువారికి ఓ ముక్క చెప్పండి, అని అమ్మమ్మే గుర్తుచేసేది. మీ గొంతు వింటే వాళ్ళకి అనుమానమే రాదండీ, అనేవాడు నాన్న.

ఈసారి ఆరుసార్లు ప్రయత్నించాం. కుడి రెప్ప పూర్తిగా వాలదు. ఎర్ర అక్షరాల్లో వచ్చింది: ముఖం రికార్డుతో సరిపోలలేదు.

నాన్న ఫోన్ వెనక్కి తిప్పేలోపే అమ్మమ్మ చదివేసింది.

జనవరి 26

భోజనానికి గదిలోంచి రాలేదు.

జనవరి 29, బుధవారం

స్పీచ్ థెరపిస్ట్ నన్ను మందలించింది. మర్యాదగానే. అమ్మమ్మకి నీళ్ళ గ్లాసు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. నేను నీళ్ళు అనేశాను. తర్వాతది కుర్చీ. అదీ నేనే చెప్పాను. నువ్వు చాలా క్విక్, అది మీ గ్రాండ్‌మదర్‌కి మంచిది కాదు, అంది ఆవిడ. పది లెక్కపెట్టి అప్పటికీ రాకపోతేనే నోరు తెరవమంది.

పది అంకెలు ఇంత పొడుగని నాకు తెలియదు.

ఫిబ్రవరి 1, శనివారం

నాన్న ట్రెజరీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అక్కడి గుమాస్తా మంచివాడే. ఏంజేస్తామండీ, మిషనే కాదన్నాక నేను అవునంటే కుదురుతుందా, టీచరమ్మగారు ఎంబసీవారి ముందు స్వయంగా హాజరైతే వాళ్ళే రాసిస్తారు, అన్నాడట. నార్త్ కరోలైనా వాళ్ళం మనం వాషింగ్టన్‌కే వెళ్ళాలి. కార్‌లో నాలుగున్నర గంటలు.

అమ్మ వద్దంది. మా అమ్మ సుమతికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ పెన్షన్ లేకపోతే మనకి గడవదా, ఆవిడ అద్దంలోనే చూసుకోవట్లేదు, ఇప్పుడు తీసుకెళ్ళి నలుగురిలో కూర్చోబెడదామా, అంది. డబ్బు సంగతి కాదు సుమతీ, నెలాఖరు దాటితే రికార్డులో మీ అమ్మ లేనట్టే, అన్నాడు నాన్న.

తలుపు తెరిచే ఉంది. అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 5, బుధవారం

హిస్టరీ క్లాసులో పేపర్ రాయాలి. విదేశీ రాజధానిలో ఉన్న ఒక సంస్థ గురించి. నేను మన ఎంబసీ తీసుకున్నాను. తెలుగులో రాయబార కార్యాలయం.

1941లో, అంటే ఇంకా బ్రిటిష్ వాళ్ళ పాలనలోనే, ఇండియా తరఫున ఒక ఏజెంట్ జనరల్ వాషింగ్టన్ వచ్చాడు. స్వతంత్ర దేశం లేదు కనుక రాయబారి అనే మాట వాడలేదు. 1946లో మసాచుసెట్స్ అవెన్యూలో ఇల్లు కొన్నారు. మరుసటి ఏడు మొదట్లో రాయబారి వచ్చాడు, ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. దేశం కంటే ముందే దేశానికి చిరునామా వచ్చిందన్నమాట. ఈ వాక్యం రాసి ఐదుసార్లు చదువుకున్నాను.

ఒప్పందాలు, చర్చలు అక్కడి పెద్ద పనులు. కాన్సులర్ వింగ్ పనులు వేరు. పాస్‌పోర్ట్ పోయిన స్టూడెంట్లు, జైల్లో పడ్డవాళ్ళు, ఇక్కడ పుట్టినవాళ్ళు, ఇక్కడ పోయినవాళ్ళు. పెద్ద జాబితా. దాని చివర ఎక్కడో లైఫ్ సర్టిఫికెట్.

ఫిబ్రవరి 9, ఆదివారం

పేపర్‌ని తెలుగులోకి మార్చి అమ్మమ్మకి చదివి వినిపించాను. గోడవైపు తిరిగే ఉంది. నేను ఆపలేదు. ఏజెంట్ జనరల్ దగ్గర నుంచి మొదలుపెట్టి, దేశం కంటే ముందే చిరునామా అన్నదాకా వచ్చాను.

తిరిగింది. ఎడమ చెయ్యి చాపింది. కాగితం కావాలని అర్థమైంది. పెన్సిల్ ఇచ్చాను. చాలాసేపు పట్టింది. వంకర గీతలతో నాలుగు మాటలు కొట్టేసింది. నాలుగూ 'మహోన్నతమైన'. నాలుగు చోట్ల వాడానని నాకు తెలియనే తెలియదు.

నవంబర్ తర్వాత ఆవిడ నా కాగితం దిద్దడం ఇదే మొదలు. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఆవిడకి నచ్చదు.

ఫిబ్రవరి 10, ఉదయం 7

కుర్చీ మీద మంగళగిరి చీర ఉంది. బడికి కట్టుకెళ్ళే నీలం చీర. మూడు నెలలుగా నైటీలే వేస్తున్నాం. అల్మారాలోంచి ఒంటిచేత్తో ఎలా లాగిందో. అమ్మ ఆ చీర చూసి, వెళ్దాంలే అమ్మా, అంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

తెల్లవారుజామున బయల్దేరి ఇప్పుడే ఇల్లు చేరాం. మరిచిపోకముందే రాస్తాను.

వారం రోజులుగా అమ్మ ఆవిడ చేత 'నా పేరు లీలావతి' అనిపించాలని చూస్తూనే ఉంది. నిన్నటికి 'నా' కూడా రాలేదు. నిన్న మధ్యాహ్నం అమ్మమ్మ స్పూన్ విసిరికొట్టింది.

కాన్సులర్ వింగ్ నేను ఊహించుకున్నట్టు లేదు. పేపర్‌లో నేను రాసిన మసాచుసెట్స్ అవెన్యూలోనే, కానీ వేరే బిల్డింగ్. టోకెన్లు, జిరాక్సులు, ఫొటో సైజు మీద వాదన, స్ట్రోలర్‌లో ఏడ్చే పాప. మన బస్టాండులో ఎంక్వయిరీ దగ్గర నిలబడినట్టుంది. అమ్మమ్మ వీల్‌చెయిర్‌లో కూర్చుని కుడివైపు ముఖం మీదికి కొంగు లాక్కుంది.

మా నంబర్ వచ్చింది. అద్దం వెనక ఆఫీసర్‌కి యాభై ఏళ్ళుంటాయి, కోటు లోపల చేత్తో అల్లిన స్వెటర్. పాస్‌పోర్ట్‌లో ఫొటో చూశాడు. అమ్మమ్మ ముఖం చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. నాకు ఆ ఎర్ర అక్షరాలు గుర్తొచ్చాయి. తర్వాత ఇంగ్లిష్‌లో, మీ పేరు చెప్పండి అమ్మా, అని అడిగాడు.

లీలావతి కొల్లూరి, నేను మనవరాలిని, షీ హాడ్ ఎ స్ట్రోక్, అన్నాను. ఒక్క ఊపిరిలో. పదీ లేదు, ఒకటీ లేదు.

నువ్వు బతికే ఉన్నావని కనిపిస్తూనే ఉంది బేటా, నేను అడగాల్సింది ఆవిడని, అన్నాడు ఆయన. ఏదో ఒకటి, ఆవిడ నుంచే రావాలి, చెయ్యి ఊపినా సరే, అని కూడా అన్నాడు.

అమ్మ వంగి, అమ్మా, చెప్పమ్మా, అంది. అమ్మమ్మ పెదవులు కదిలాయి. గొంతులో ఏదో తిరిగింది. రాలేదు. కళ్ళు దించేసింది. కొంగు ఇంకాస్త లాక్కుంది. చెయ్యి ఎత్తవచ్చు కదా. ఎత్తలేదు. అడిగింది పేరు, చెప్పలేనప్పుడు చెయ్యి ఊపడం ఆవిడకి కాపీ కొట్టినట్టే. నాకు తెలుసు. వెనక క్యూలో ఎవరో నిట్టూర్చారు. వెళ్దాం పద, అంది అమ్మ నాన్నతో, చాలా తగ్గిన గొంతుతో.

ఆఫీసర్ లేచాడు. అయిపోయింది అనుకున్నాను. ఆయన పక్క తలుపు తీసుకుని ఇవతలికి వచ్చాడు. చేతిలో అట్టకి బిగించిన మా ఫారం ఉంది. అమ్మమ్మకి నాలుగడుగుల దూరంలో నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, పెన్ను కాగితం మీద ఆనించి, ఫారంలో ఉన్న వరసలోనే ఇంటిపేరుతో చదివాడు.

కొల్లూరి లీలావతి.

నేను నాలుక కరుచుకుని లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

ఎడమ చెయ్యి పైకి లేచింది. కొంగు జారిపోయింది, పట్టించుకోలేదు. ప్రెజెంట్ సార్, అంది అమ్మమ్మ.

స్పష్టంగా. ఆఖరి బెంచీదాకా వినబడేంత గట్టిగా. స్ట్రోలర్‌లో పాప ఏడుపు ఆపింది.

ఆయన నవ్వలేదు. ప్రెజెంట్, అని తనూ అని, కాగితం మీద టిక్కు పెట్టాడు.

సంతకం చోట ఎడమ బొటనవేలి ముద్ర చాలన్నారు. మాకు మళ్ళీ భయం వేసింది. వయోజన విద్య క్లాసుల్లో ఎంతమంది చేత వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పిందో ఆవిడ. ఇంకు ప్యాడ్ వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత తనే వేలు పెట్టింది. మాయని మరక అంటే నాకివాళ తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న పెద్ద ఎంబసీ ముందు నుంచి పోనిచ్చాడు. గోధుమరంగు రాతి మేడ, తలుపు దగ్గర చెక్కిన ఏనుగులు. నా పేపర్‌లో ఉన్నది ఇదే అమ్మమ్మా, అన్నాను. తల తిప్పి కనుమరుగయ్యేదాకా చూసింది.

రిచ్‌మండ్ దాటాక ఆగాం. అత్తయ్యగారూ, కాఫీ తాగుతారా, అన్నాడు నాన్న. ప్రెజెంట్ సార్, అంది. నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ రెస్ట్‌రూమ్‌కి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది.

ఫిబ్రవరి 19

సర్టిఫికెట్ కొరియర్‌లో పంపాం. పైన ఆవిడ పేరు, కింద ముద్ర, మధ్యలో ఒకే వాక్యం: ఈ వ్యక్తి ఈ రోజు నా ముందు సజీవంగా హాజరైనారు. ఒక్క విశేషణం కూడా లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇప్పటికీ ఆవిడకి ఆ రెండు మాటలే. నీళ్ళకీ అవే, నొప్పికీ అవే, వద్దుకీ అవే. ఏళ్ళ తరబడి అలవాటైన మాటలే మొదట వస్తాయి, ఇంకో మాట ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో చెప్పలేం, అంది థెరపిస్ట్.

ట్రెజరీ గుమాస్తా నాన్నకి మెసేజ్ పెట్టాడు. అందిందండీ, టీచరమ్మగారికి నమస్కారం చెప్పండి, అని.

నమస్కారం చెప్పాను. జవాబు మీకు తెలిసిందే, అని రాయబోయాను. మీకు అంటే ఎవరు? ఈ డైరీ ఎవరూ చదవరు.

ఫిబ్రవరి 28, సాయంత్రం 6:30

అమ్మమ్మ కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుంది. నోట్‌బుక్ తనే తెరిచింది. కళ్ళజోడు మీద నుంచి నన్ను చూసింది. నోరు తెరిచింది.

ముప్ఫై రెండు లెక్కపెట్టాను.

భ, అంది.

ప్రెజెంట్ టీచర్.